అమ్మవారి పండక్కి చేతి పిలుపు: సిరిమాను బొమ్మతో గ్రీటింగ్ కార్డు చేయడం ఎలా

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగంటే ఇంటినిండా చుట్టాలే. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను, అంటే కొసన పూజారిని కూర్చోబెట్టిన పొడుగాటి చింతమాను, ఊరేగింపుగా తిరుగుతుంది. ముందురోజు సోమవారం తొలేళ్ళ ఉత్సవం. అత్తారింట్లో ఉన్న ఆడపిల్లల్ని, అల్లుళ్ళని, ఉద్యోగాల మీద వెళ్ళిపోయిన అన్నదమ్ముల్ని పండక్కి పిలవాలి కదా. ఇప్పుడు ఆ పిలుపంతా ఫోన్‌లో ఎవరో పంపిన ఫొటోని ఇంకొకరికి తోసెయ్యడంతో అయిపోతోంది. ఈసారి ఓ పది ఇళ్ళకైనా చేత్తో చేసిన కార్డు పంపండి. కలర్ పెన్సిళ్ళు, కాస్త గోనెపురి, ఒక స్టిక్కర్ బొట్టు, ఉల్లిపాయలొచ్చిన వల సంచి ఉంటే సగం సరుకు ఇంట్లో ఉన్నట్టే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. చేత్తో చేసిన కార్డులు చాలావరకు పాడయ్యేది అతికించే సరుకు ఎక్కువై. బొమ్మ ఒకచోట, దానికి సంబంధం లేని పూలు, పూసలు, లేసు ఇంకోచోట. దీనికి నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. కార్డు మీద అతికించే ప్రతిదీ బొమ్మలో ఏదో ఒకటి అయి తీరాలి. పురి ఉంటే అది మాను కావాలి, వల ఉంటే అది ఊరేగింపులోని బెస్తవారి వల కావాలి. అలా ఏదీ కాలేని ముత్యం ఎంత బాగున్నా డబ్బాలోనే ఉండనివ్వండి.

కాగితం

రెండు రకాలు కావాలి. కార్డుకి ఒళ్ళుగా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు లెక్క) ఐవరీ షీటు, ఏ4 సైజు. బొమ్మకి 200 జీఎస్ఎం దగ్గర్లో డ్రాయింగ్ షీటు. ఐవరీ మీదే బొమ్మ వేసేయొచ్చు కదా అనిపిస్తుంది. అది మరీ నున్నగా ఉంటుంది, కలర్ పెన్సిల్ రెండు పూతలకే జారిపోతుంది, మూడో రంగు పట్టదు. డ్రాయింగ్ షీటుకి కొంచెం గరుకుంటుంది కాబట్టి రంగు మీద రంగు నిలుస్తుంది. ఇవన్నీ గంటస్తంభం చుట్టుపక్కల స్టేషనరీ, ఫ్యాన్సీ షాపుల్లో తిరిగితే దొరుకుతాయి.

ఏ4 షీటుని పొడుగులో సగానికి, అంటే 148 మిల్లీమీటర్ల దగ్గర కోస్తే రెండు ముక్కలొస్తాయి. ఒక్కో ముక్క 210 వెడల్పు, 148 ఎత్తు. దాన్ని సరిగ్గా 105 దగ్గర మడిస్తే కార్డు తయారు. ఒక షీటుకి రెండు కార్డులు, పది కార్డులకి ఐదు షీట్లు. పాడైపోయేవాటికి ఇంకో షీటు కలుపుకోండి.

మడత తిన్నగా రావాలంటే గీత నొక్కాలి. సిరా అయిపోయిన బాల్ పెన్ను తీసుకోండి, కింద పాత పుస్తకం అట్ట పెట్టుకోండి, స్టీలు స్కేలు ఆనించి రెండుసార్లు గట్టిగా గీయండి. గీత పడ్డ గాడి కార్డుకి బయటివైపు ఉండాలి, ఉబ్బు లోపలికి పోవాలి. లోపలికి అనుకుని గాడి ఉన్నవైపే మడిచేస్తే పైపొర చిట్లి, మడత పొడవునా తెల్ల నార కనబడుతుంది. కాగితానికి చెక్కలాగే నార ఉంటుంది. నార వెంబడి మడత సాఫీగా పడుతుంది, అడ్డంగా అయితే పగులుతుంది. ఏ4 షీట్లలో నార చాలామటుకు పొడుగువైపే సాగుతుంది కాబట్టి పైన చెప్పిన కొలతలకి మడత నార వెంబడే వస్తుంది. అనుమానముంటే షీటుని అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే ఆ మడతే సరైనది.

బొమ్మ కాగితం 97 వెడల్పు, 140 ఎత్తుకి కోయండి. కార్డు మీద పెడితే చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల తెల్ల అంచు మిగులుతుంది. ఆ అంచు చాలు, దానికి మళ్ళీ బంగారు గీతలూ అవీ అక్కర్లేదు.

గీత

సిరిమాను బొమ్మ కార్డుకి ఎంత అనువైందో గీస్తేనే తెలుస్తుంది. పొడుగాటి చింతమాను కింద కుడి మూల నుంచి పైకి ఏటవాలుగా లేస్తుంది. కింద దాన్ని మోసే ఇరుసుమాను, బండి. పైన కొసన పూజారి, చేతిలో విసనకర్ర. చూపు తనంత తానే కింద నుంచి పైకి పాకుతుంది. వెనక దూరంగా కోట బురుజుల గీత ఒకటి చాలు. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడమే కదా ఉత్సవం. 1713లో కట్టిన ఆ కోట లేకుండా బొమ్మలో ఊరు రాదు. మాను ముందు నడిచే అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అన్నీ పెట్టాలని చూడకండి. అరచేయంత కార్డు ఇది. తెల్ల ఏనుగు, వల, రెండూ చాలు. జనానికి మొహాలు వద్దు. కింద అంచున వరసలుగా గుండ్రటి తలలు, అంతే.

పూజారి బొమ్మని మాత్రం ఇక్కడ గీయకండి. వేరే ముక్క మీద రెండు సెంటీమీటర్ల ఎత్తున గీసి పక్కన పెట్టండి, తర్వాత పని ఉంది. మాను ఉండే చోట కూడా సన్నటి పెన్సిల్ గుర్తు పెట్టి వదిలేయండి.

బొమ్మలు గీయడం రాదంటారా? పోయినేడు మీ ఇంట్లోవాళ్ళు తీసిన ఫొటో ఏదో ఉండే ఉంటుంది. ప్రింటు తీసి, వెనక పెన్సిల్ మెత్తగా రుద్ది, డ్రాయింగ్ షీటు మీద పెట్టి గీతల మీద గీస్తే అచ్చు దిగిపోతుంది. ఆ గీతల మీద నీటికి చెదరని నల్ల పెన్నుతో దిద్దుకోండి.

పది కార్డులకి పదిసార్లు గీయనక్కర్లేదు. ఒకటి శుభ్రంగా గీసి, మిగతావి డ్రాయింగ్ షీటు మీదే జెరాక్స్ తీయించండి. మందం కాగితం మిషన్‌లోకి వెళ్తుందో లేదో షాపతన్ని ముందే అడగండి. జెరాక్స్ గీత పొడి ఇంకు, వేడికి కాగితానికి అంటుకుంటుంది కాబట్టి నీటిరంగులు వేసినా చెదరదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీస్తే తడి కుంచె తగలగానే చాలా ఇంకులు పాకుతాయి. ఆల్కహాల్ మార్కర్లు వాడేవాళ్ళకి దీనికి ఉల్టా చిక్కు. ఆ మార్కరు కొన్ని జెరాక్స్ గీతల్ని కరిగించి నలుపు పూసేస్తుంది. తుక్కు ముక్క మీద చూసుకుని దిగండి.

రంగు

ఈ పనిలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

స్కెచ్ పెన్నులు పిల్లలకి వదిలేయడం మంచిది. ఒకేచోట రెండుసార్లు తిప్పితే కాగితం నూగు లేస్తుంది, ఎండ తగిలే గోడకి పెడితే వెలిసిపోతుంది కూడా. ఆయిల్ పేస్టెల్స్ మెరుస్తాయి కానీ పూర్తిగా ఆరవు, కవర్లో రుద్దుకుని అంతా పూసుకుపోతుంది. కార్డుకి కలర్ పెన్సిళ్ళే నా ఓటు. పన్నెండు రంగుల పెట్టె చాలు.

ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో తేల్చుకోండి. సిరిమాను తిరిగేది మధ్యాహ్నం దాటాక, సాయంత్రం పూట. సూర్యుడు పైన ఎడమ మూల ఉన్నాడనుకుందాం. ఇక ప్రతి వస్తువుకీ ఎడమ పక్క లేత రంగు, కుడి పక్క ముదురు రంగు. ఈ ఒక్క లెక్క తప్పకపోతే గీత వంకరగా ఉన్నా బొమ్మ నిలబడుతుంది.

ఆకాశం పసుపుతో మొదలుపెట్టండి. పెన్సిల్‌ని వెనక్కి పట్టుకుని, నొక్కకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ కాగితమంతా పరచండి. గీతలుగా అటూ ఇటూ గీకితే ఆ చారలు చివరిదాకా పోవు. పసుపు మీద నారింజ, పై నుంచి మొదలుపెట్టి కిందకి వచ్చేసరికి తేల్చేయండి. కోట బురుజులకి ఊదా మీద కొంచెం గోధుమరంగు, అదీ లేతగానే. దూరంగా ఉన్నవి ముదిరితే ముందుకొచ్చి మీద పడతాయి.

లేత నుంచి ముదురుకి వెళ్ళాలి, ఎప్పుడూ. మొదటి మూడు పూతలు తేలిగ్గా, ఆఖరి పూత మాత్రం గట్టిగా నొక్కి. గట్టిగా నొక్కితే మైనం కాగితం గరుకుని పూడ్చేస్తుంది, ఆ తర్వాత ఏ రంగూ ఎక్కదు. రంగులు బాగా కలిసిపోవాలంటే ఇయర్ బడ్‌కి ఒక్క చుక్క బేబీ ఆయిల్ అద్ది, దాన్ని గుడ్డ మీద ఒత్తేసి, అప్పుడు రుద్దండి. పెన్సిల్‌లోని మైనం కరిగి నీటిరంగులా పరుచుకుంటుంది. నూనె ఎక్కువైతే కాగితం వెనక మరక కనబడుతుంది, ఆ చోట జిగురు కూడా పట్టదు. అందుకే అంచులకి అర సెంటీమీటరు దాకా నూనె పోనివ్వకండి.

చీరలు, తలపాగాలు, జెండాలు, ఈ బొమ్మలో ఎరుపు చాలా ఉంటుంది. ఎరుపుకి నీడ కావాలంటే నలుపు తీయకండి. నలుపు తగిలితే ఎరుపు చచ్చి మసి అవుతుంది. నీడ చోట ముందు ముదురు ఊదా పూసి, దాని మీంచి ఎరుపు వేయండి. పసుపుకి నీడ గోధుమరంగు. నలుపుని జనం తలలకే దాచుకోండి.

తెల్ల ఏనుగుకి తెల్ల పెన్సిల్ తీసేవాళ్ళుంటారు. తెల్ల కాగితం మీద తెల్ల పెన్సిల్ ఏం చేస్తుంది? ఏనుగుని ముట్టుకోకండి. చుట్టూ ఉన్న జనానికి, నేలకి ముదురు రంగులు వేయండి, ఏనుగు అదే తెల్లబడుతుంది. కడుపు కింద, చెవి వెనక లేత నీలం నీడ ఇస్తే చాలు, గుండ్రటి ఒళ్ళు వచ్చేస్తుంది.

పూజారి ముక్కకి కూడా రంగు వేసి, సన్న కత్తెరతో కత్తిరించుకోండి. కత్తెర తిప్పకుండా కాగితాన్ని తిప్పితే వంపులు నున్నగా వస్తాయి. కోసిన అంచు తెల్లగా మెరుస్తుంది, ఆ అంచు వెంబడి గోధుమరంగు పెన్సిల్ పక్కవాటుగా రాస్తే తెలుపు పోతుంది.

అతికింపులు

మాను: కొబ్బరి ఈనె ఒకటి, పన్నెండు సెంటీమీటర్లు. దానికి గోనెపురి చుట్టాలి. నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న జిల్లా మనది, పురికి కరువేముంది. కానీ పురి ఉన్నది ఉన్నట్టు చుడితే వేలంత లావు అయిపోతుంది, కవర్లో పట్టదు. పేట విప్పి ఒక్క పోగే తీసుకోండి. ఈనెకి ఫెవికాల్ పల్చగా రాసి, మొదట్లో దగ్గరదగ్గరగా, కొస వైపు ఎడం ఎడంగా చుట్టండి. మాను మొదలు లావుగా, కొస సన్నగా వస్తుంది. లేచిన పీచుని కత్తెరతో కొట్టేయండి.

వల: ఉల్లిపాయల సంచి నుంచి నాలుగు సెంటీమీటర్ల ముక్క. వెల్లుల్లి సంచి తెల్లగా దొరికితే మరీ మంచిది. వల మీద జిగురు రాస్తే ప్రతి కన్నులోనూ మెరుస్తూ అసహ్యంగా కనబడుతుంది. వల అంచుని బొమ్మ కాగితం పక్కనుంచి వెనక్కి మడిచి, అక్కడ టేపు వేయండి. ముందువైపు ఎక్కడా జిగురు తగలదు. పురి కొసలైనా, దారం ముడులైనా ఇలాగే వెనక్కి పంపేయొచ్చు. అందుకే బొమ్మ కాగితాన్ని కార్డుకి అతికించక ముందే ఈ పని అవ్వాలి.

సూర్యుడు: పైన ఎడమ మూల ఎర్ర స్టిక్కర్ బొట్టు ఒకటి, పెద్ద సైజుది. సాయంత్రం సూర్యుడికి సూర్యుడూ అవుతుంది, అమ్మవారి బొట్టుకి బొట్టూ అవుతుంది. స్టిక్కర్ జిగురు కొన్నాళ్ళకి వదిలేస్తుంది, వెనక ఫెవికాల్ చుక్క పెట్టండి. రాళ్ళు పొదిగిన బొట్టు వద్దు.

అరటిపళ్ళు: భక్తులు సిరిమాను మీదకి విసురుతారు కదా, ఆ పళ్ళు. పసుపు కాగితం నుంచి గోరంత వంపు ముక్కలు ఐదో ఏడో కోసి, జనం వైపు నుంచి మాను కొస వైపుకి ఎగురుతున్నట్టు చెదురుగా అంటించండి. ఒక్కో ముక్కకి మధ్యలోనే జిగురు, కొసలు లేచి ఉండాలి. ఈ బొమ్మలో పిల్లలకి నచ్చేది ఇదే, వాళ్ళ చేతే పెట్టించండి.

పూజారి: వెనక ఫోమ్ టేపు ముక్క, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం. మాను కొసన పెడితే బొమ్మ కాగితం నుంచి పైకి లేస్తుంది, కింద చిన్న నీడ పడుతుంది. కార్డు మొత్తం మీద ఇలా లేపేది ఇదొక్కటే. ఏనుగునీ, బండినీ కూడా ఫోమ్ మీద ఎక్కిస్తే పూజారికున్న ఎత్తు పోతుంది.

చమ్కీ పొడి గురించి అడుగుతారని తెలుసు. వద్దు. అది కార్డు మీద నిలిచేది తక్కువ, మీ చుట్టాల సోఫాలో నిలిచేది ఎక్కువ. మెరుపు కావాల్సిందే అంటే పూజారి తలపాగా అంచుకి ఒక జరీ పోగు అంటించండి.

జిగురు, ఆరబెట్టడం

కాగితానికి కాగితం అతకడానికి ఫెవికాల్ వాడకండి. అందులో నీళ్ళుంటాయి. నార నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, కార్డు అప్పడంలా లేస్తుంది. బొమ్మ కాగితాన్ని కార్డుకి డబుల్ సైడ్ టేపుతో అతకండి. నాలుగు అంచులా వేసి, మధ్యలో ఒక అడ్డపట్టీ. ఈనెకి, పురికి, బొట్టుకి మాత్రం ఫెవికాల్, అగ్గిపుల్ల కొసతో తీసినంత. ఫెవిక్విక్ తొందరగా పడుతుంది నిజమే, కానీ ఆరేటప్పుడు చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వదులుతుంది, అద్దం బిళ్ళల మీదయితే మరీను. గ్లూ గన్ గడ్డలు కడుతుంది.

వరస ముఖ్యం. వల ముందు, తర్వాత బొమ్మ కాగితం కార్డుకి అతకడం, అప్పుడు ఒక రాత్రి బరువైన పుస్తకాల కింద పెట్టడం. ఈనె, బొట్టు, పళ్ళు, పూజారి మర్నాడు. ఎత్తు వస్తువులు పెట్టాక మళ్ళీ పుస్తకాల కింద పెడితే పని ఖరాబు.

పైగా పండగ వచ్చేది మన దగ్గర వానలు, వాయుగుండాల కాలంలో. హుద్‌హుద్ తుఫాను 2014లో అక్టోబర్ 12న, తిత్లీ తుఫాను 2018లో అక్టోబర్ 11న వచ్చాయి. అంత గాలి లేకపోయినా ఆ రోజుల్లో తేమ ఎక్కువ, వేసవిలో గంటలో ఆరే ఫెవికాల్ పూటంతా తీసుకుంటుంది. ఎండలో మాత్రం పెట్టకండి, ఒకవైపే ఆరి వంకరపోతుంది. ఫ్యాను కింద చాలు. మిగిలిన ఐవరీ షీట్లని పాలిథిన్ సంచిలో చుట్టి పెట్టుకోండి.

లోపల ఏం రాయాలి

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు, గురజాడల జిల్లాల్లో ఉంటూ కార్డు లోపల "తమరి రాకను ఆకాంక్షిస్తూ" అని రాస్తే బాగోదు. ఫోన్‌లో ఎలా పిలుస్తారో అలాగే రాయండి. "అక్కా, బావగారూ, ఆదివారానికే దిగిపోండి. మంగళవారం రోడ్లు మూసేస్తారు, ఆటోలు దొరకవు. పిల్లల్ని మేడ మీంచి చూపిద్దాం." పిలుపూ అయింది, పనికొచ్చే కబురూ అయింది. పెద్దవాళ్ళకైతే మొదట నమస్కారాలు, తర్వాతే మిగతాది. జెల్ పెన్ను ఐవరీ మీద ఆలస్యంగా ఆరుతుంది, రాసిన వెంటనే మూయకండి.

శుభలేఖకి పెట్టినట్టు మూలలకి పసుపు పెట్టాలనుకుంటే పొడి పసుపులో రెండు చుక్కల నీళ్ళు, వేలి కొసతో, లోపలి మూలలకి. బయట పెడితే వెలుతురుకి వెలిసిపోతుంది, కవరుకి అంటుతుంది. అదే పసుపులో చిటికెడు సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. దానితో లోపల చిన్న గీత గీసుకున్నా అందమే.

సంక్రాంతికి ఇదే కొలతలతో ముగ్గు కార్డు కుట్టొచ్చు. బొమ్మ కాగితం మీద ఎనిమిది మిల్లీమీటర్ల ఎడంతో చుక్కలు పెట్టి, పాత చెప్పు అడుగు మీద ఉంచి సూదితో పొడిచి, రెండు పోగుల ఎంబ్రాయిడరీ దారంతో చుక్క నుంచి చుక్కకి కుట్టడమే. గుండ్రటి మెలికల ముగ్గు దారానికి లొంగదు, చుక్కలు కలిపే తిన్నటి గీతల ముగ్గు ఎంచుకోండి. శ్రీకాకుళం వాళ్ళు రథసప్తమికి అరసవల్లి సూర్యుణ్ణి చేసుకోవచ్చు, ఇంట్లో పొందూరు ఖద్దరు ముక్క ఉంటే ఆకాశంగా అదే పరవచ్చు. ఇస్త్రీ చేసి, గ్లూ స్టిక్‌తోనే అతకండి.

పోస్టు

ఈ సైజు కార్డుకి 114కి 162 మిల్లీమీటర్ల కవరు సరిపోతుంది. బరువు లెక్క చూసుకోండి. 300 జీఎస్ఎం కార్డు తొమ్మిది గ్రాముల పైన, బొమ్మ కాగితం మూడు గ్రాముల లోపు, కవరు నాలుగు దాకా. అంటే పదహారు. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు, ఆపైన ప్రతి 20 గ్రాములకీ మరో 5. ఈనె, పురి, బొట్టులకి మీకు నాలుగు గ్రాములు మిగిలి ఉన్నాయి. అద్దాలు, కుందన్లు చేరితే దాటిపోతుంది. వంటింట్లో చిన్న కాటా ఉంటే తూచుకోండి, లేకపోతే కౌంటర్లో తూయించండి. స్టాంపు తక్కువైతే ఆ డబ్బు అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. బావగారి చేత అపరాధం కట్టించి పండక్కి పిలిచినట్టవుతుంది.

కవర్లో పెట్టేముందు పూజారి మీద బటర్ పేపరు ముక్క, దాని మీద కార్డు సైజు పల్చటి అట్ట పెట్టండి. కవర్లు కట్టలుగా సంచుల్లో పడతాయి కాబట్టి ఎత్తుగా ఉన్నదే ముందు నలుగుతుంది. అట్టతో బరువు 20 దాటితే ఇంకో 5 రూపాయల స్టాంపు అంటించేయండి. రసీదు, ట్రాకింగ్ కావాలంటే స్పీడ్ పోస్టే. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. రైలు టిక్కెట్లు చేసుకోవాల్సినవాళ్ళకి దసరా మొదలవక ముందే కార్డు చేరాలి, కాబట్టి వినాయక చవితి వెళ్ళగానే కాగితం కోయడం మొదలుపెట్టండి.